బడి కోసం బోర్డుకు ఎదురు నిలిచిన ఎల్లా ఫ్లాగ్ యంగ్

మన సంఘాల పెద్దలలో చాలామందికి చర్చి ఆవరణ అంటే బడి ఆవరణ కూడా. ఆదివారం ఆరాధన జరిగిన హాలులోనే సోమవారం పలకలూ బలపాలూ కనిపించేవి. బడి ఉన్నచోట హెడ్మాస్టరుగారు ఉంటారు, ఆయనపైన కరెస్పాండెంటుగారు ఉంటారు, ఆయనకుపైన కమిటీ ఉంటుంది. అందరూ పిల్లల మేలు కోరేవారే. అయినా వీరి మధ్య ఎన్నడూ తగవు రాని ఊరిని మేము చూడలేదు. ఎవరిని పనిలోకి తీసుకోవాలి, ఎవరిని మార్చాలి, ఏ పుస్తకం కొనాలి, వచ్చిన కొద్ది డబ్బు గోడకు పెట్టాలా జీతాలకు పెట్టాలా అన్న ప్రశ్నలపై సాయంకాలం మొదలైన మీటింగులు పెట్రోమాక్సు దీపం మసకబారే వరకు సాగడం మాకు చిన్నతనం నుండి తెలుసు. ఆ మీటింగులలో ఎక్కువగా మాట్లాడనివారు ఎవరంటే, రోజంతా పిల్లల ముందు నిలబడి పాఠం చెప్పే అయ్యవార్లూ అమ్మగార్లే. వారిని పిలిచేవారు కారు. పిలిచినా గుమ్మం దగ్గర నిలబెట్టేవారు.

ఈ శతవార్షికోత్సవ సంచికలో మన పాఠశాలల చరిత్ర రాస్తున్నవారు వేరే ఉన్నారు. మేము ఒక దూరదేశపు ఉపాధ్యాయిని జీవితాన్ని మన చదువరుల ముందుంచదలచాము. ఆమె పేరు శ్రీమతి ఎల్లా ఫ్లాగ్ యంగ్. అమెరికాలోని షికాగో నగరంలో పాఠశాలల సూపరింటెండెంటుగా ఆరేళ్ళకు పైగా పనిచేశారు. అంతటి పెద్ద నగరంలో ఆ పదవిని అధిష్ఠించిన మొదటి స్త్రీ ఆమె. తనను నియమించిన బోర్డుతోనే ఆమెకు వచ్చిన వివాదం ఆనాడు దేశమంతా చెప్పుకొన్న సంగతి. వివాదం ఎవరు గెలిచారన్నది ఒక విషయం. గుమ్మం దగ్గర నిలబడిన ఉపాధ్యాయుని లోపలికి పిలిచి కుర్చీ వేయించిన అధికారిణిగా ఆమెను మనం తెలుసుకోవడం అంతకంటే ముఖ్యమని మేము తలుస్తున్నాము.

బోర్డు, సూపరింటెండెంటు

ముందుగా ఆ దేశపు ఏర్పాటు కొంత చెప్పుకోవాలి. అమెరికాలో బడులను నడిపే బాధ్యత ప్రతి పట్టణంలోను అక్కడి పాఠశాలల బోర్డుదే. ఎక్కువచోట్ల బోర్డు సభ్యులను ప్రజలే ఎన్నుకొంటారు. షికాగోలో ఆ రోజుల్లో నగర మేయరు 21 మందిని నియమిస్తే నగర సభ ఆమోదించేది. వారు వర్తకులు, న్యాయవాదులు, వైద్యులు, ఊరి ప్రముఖులు. బోధన వారి వృత్తి కాదు. బోధన తెలిసిన ఒకరిని వారు సూపరింటెండెంటుగా నియమించుకొనేవారు. ఆ నియామకాన్ని ఏటేటా ఓటు వేసి కొనసాగించవలసి ఉండేది.

డబ్బు, భవనాలు, ఒప్పందాలు బోర్డు చేతిలో ఉండేవి. చదువు సంగతి సూపరింటెండెంటు చూడాలి. చెప్పడానికి ఇది సులభమే. అయితే పుస్తకం ఎంపిక చదువు సంగతా, కొనుగోలు సంగతా? టీచరు నియామకం చదువు సంగతా, ఉద్యోగాలిచ్చే సంగతా? ఈ హద్దు చట్టంలో రాసి లేదు. సూపరింటెండెంటుకు ఎంత అధికారం ఉండాలో బోర్డు తన నిబంధనల ద్వారా నిర్ణయించేది, కావలసినప్పుడు తగ్గించేది. తగవుకు మూలం ఇక్కడే ఉంది.

మన పెద్దలకు ఇది పూర్తిగా కొత్త సంగతి కాదు. మద్రాసు రాజధానిలో మన జిల్లాలు ఉన్న కాలంలో జిల్లా బోర్డులు హైస్కూళ్ళు నడిపేవి. వాటిని బోర్డు హైస్కూళ్ళు అనేవారు. 1959లో జిల్లా పరిషత్తులు ఏర్పడిన తరువాత కూడా చాలా ఊళ్ళలో ఆ పాత పేరే నోట నిలిచింది. బోర్డు ప్రెసిడెంటుగారి దయ ఉంటే సొంత ఊరు, లేకుంటే దూరపు ఊరు అని ఉపాధ్యాయులు చెప్పుకొన్న రోజులు అవి.

బాల్యం

ఎల్లా ఫ్లాగ్ 1845 జనవరి 15న న్యూయార్క్ రాష్ట్రంలోని బఫెలో పట్టణంలో జన్మించింది. తల్లిదండ్రులు స్కాట్లండు మూలాలున్న ప్రెస్బిటేరియన్లు. తండ్రి లోహపు రేకుల పనిలో నేర్పరి. తల్లి నిబ్బరం గల ఇల్లాలు. పిల్ల బక్కపలచగా, తరచు జబ్బుపడుతూ ఉండడం వలన పదేళ్ళు దాటేవరకు బడికి పంపలేదు. ఆ అమ్మాయికి చదువు నేర్పే తొందర కూడా ఇంట్లో ఎవరూ పడలేదు. ఒకనాడు తల్లి వార్తాపత్రికలో ఒక బడి తగలబడిన వార్తను పైకి చదివింది. విన్న ఎల్లా ఆ కాగితాన్ని పట్టుకొని, చెవిన పడిన మాటలను అచ్చు అక్షరాలతో పోల్చుకొంటూ తనంతట తాను చదవడం నేర్చుకొందని ఆమె జీవితం రాసినవారు చెబుతారు. తండ్రి పనిచేసే చోట కూర్చుని, ఆయన చేతులు చేసే పనిని గమనిస్తూ పెరిగింది. చేతిపని లేని చదువు సగం చదువేనన్న నమ్మకం ఆమెకు అక్కడే కలిగి ఉండాలి.

1858లో ఆ కుటుంబం షికాగోకు వచ్చింది. అప్పటికి ఆమెకు 13 ఏళ్ళు. అక్కడి బడిలో తనకు వచ్చిన పాఠాలే మళ్ళీ చెబుతుండడంతో విసుగుపుట్టి మానివేసింది. 15 ఏళ్ళ వయసులో ఉపాధ్యాయ పరీక్ష రాసి నెగ్గింది. కాని వయసు చాలనందున ఉద్యోగం ఇవ్వలేదు. అందుచేత 1860లో ఉపాధ్యాయ శిక్షణ ఇచ్చే నార్మల్ స్కూలులో చేరింది.

ఇక్కడ తల్లి అడ్డుచెప్పింది. చిన్నపిల్లలతో మెలగడం ఎరుగని నీవు వారికి మంచి టీచరువు కాలేవన్నది ఆమె భయం. ఎల్లా తల్లితో వాదించలేదు. ఒక తరగతికి వెళ్ళి, వెనుక కూర్చుని, ఆ టీచరు పిల్లలతో ఎలా మెలగుతున్నారో వారాల తరబడి చూసి వచ్చింది. తాను చేయగలనని మొదట తనకు నమ్మకం కుదుర్చుకొని, ఆ తరువాత ముందుకు సాగింది. నేడు మన శిక్షణ కళాశాలల్లో తరగతి పరిశీలన తప్పనిసరి. ఆనాడు ఆ అమ్మాయి దానిని తనంతట తానే ఏర్పాటు చేసుకొంది.

టీచరమ్మ నుండి అధికారిణి వరకు

1862లో 17 ఏళ్ళ వయసులో ఆమె ఉద్యోగంలో చేరారు. మొదట అప్పగించిన తరగతిలో ఊరి పొలిమేరల్లో పశువులు కాసుకొనే మొరటు కుర్రవాళ్ళు ఉండేవారు. వారిలో కొందరు ఆమెకంటే వయసులో పెద్దవారు. ఆమె వారిని అదుపులో పెట్టుకోగలిగారు. మరుసటి ఏడే ఒక బడికి సహాయ ప్రధానోపాధ్యాయిని అయ్యారు. 1865లో కాబోయే టీచర్లు పాఠాలు చెప్పి అభ్యసించే బడికి పెద్దగా నియమించారు.

1868లో విలియం యంగ్ అనే వర్తకుని ఆమె వివాహమాడారు. ఆయన ఆరోగ్యం చెడి, గాలిమార్పు కోసం పడమటి ప్రాంతానికి వెళ్ళి 1873లో కన్నుమూశారు. ఆ కొద్ది సంవత్సరాలలోనే ఆమె దగ్గరి వారిని మరికొందరిని కూడా పోగొట్టుకొన్నారు. పిల్లలు లేరు. 30 ఏళ్ళయినా నిండకుండా ఒంటరి అయిన ఆ స్త్రీకి బడే ఇల్లు అయింది. 1876 నుండి ప్రధానోపాధ్యాయినిగా రెండు బడులను నడిపారు. 1887లో సహాయ సూపరింటెండెంటు పదవి లభించింది. ఆ పదవిలో 12 ఏళ్ళు ఉన్నారు.

ఆ 12 ఏళ్ళలో షికాగో ఎలా పెరిగిందో చెప్పడం కష్టం. 1893లో సర్వమత మహాసభ జరిగిన నగరంగా మనవారికి దాని పేరు పరిచితమే. ఆ సభకు వెనుక వీధుల్లో ఐరోపా నలుమూలల నుండి ఓడలలో వచ్చిన కూలీ కుటుంబాలు ఉండేవి. పోలిష్, ఇటాలియన్, జర్మన్, చెక్ భాషలు మాట్లాడే పిల్లలు ఒకే గదిలో 50, 60 మంది కూర్చునేవారు. టీచరుకు జీతం తక్కువ, పైనుండి వచ్చే ఉత్తర్వులు ఎక్కువ. ఏ నెలలో ఏ పాఠం ఏ పుటవరకు చెప్పాలో పైవారు నిర్ణయించేవారు. చెప్పేవారు చెప్పినట్లు చేయడమే పని.

శ్రీమతి యంగ్ ఈ పద్ధతికి లోలోపల ఎదురు తిరిగారు. 1895లో, 50 ఏళ్ళ వయసులో, ఆమె షికాగో విశ్వవిద్యాలయంలో జాన్ డ్యూయీ వద్ద విద్యార్థినిగా చేరారు. డ్యూయీ ఆమె కంటే 14 ఏళ్ళు చిన్నవాడు. ఉద్యోగం చేసుకొంటూనే ఆమె ఆయన తరగతులకు వెళ్ళారు. చివరకు ఎవరు ఎవరికి నేర్పారో చెప్పడం కష్టమైంది. తన సిద్ధాంతాలు బడిలో ఎలా పనిచేస్తాయో తాను ఆమెవలన తెలుసుకొన్నానని డ్యూయీ తరువాతి కాలంలో ఒప్పుకొన్నారు.

మొదటి రాజీనామా

1898లో షికాగో బోర్డు బెంజమిన్ ఆండ్రూస్‌ను సూపరింటెండెంటుగా తెచ్చింది. ఆయన బాప్టిస్టు పాస్టరు, బ్రౌన్ విశ్వవిద్యాలయానికి అధ్యక్షులుగా చేసినవారు, పండితులు. అధికారమంతా ఒకచోట ఉంటేనే పని సాగుతుందన్నది ఆయన అభిప్రాయం. సహాయ సూపరింటెండెంట్లు ఆయన ఆజ్ఞలను కిందికి చేరవేసేవారుగా మిగిలారు. శ్రీమతి యంగ్ ఒక ఏడాది చూశారు. 1899లో 37 ఏళ్ళ సేవను వదులుకొని రాజీనామా ఇచ్చారు. తనకు నమ్మకం లేని పనిని తన కింది టీచర్ల చేత చేయించడం ఆమెకు సాధ్యం కాలేదు.

డ్యూయీ పిలుపుపై విశ్వవిద్యాలయంలో చేరి, 1900లో డాక్టరేటు సాధించారు. ఆ సిద్ధాంత గ్రంథానికి పాఠశాలలో ఒంటరితనం అన్న అర్థం వచ్చే పేరు పెట్టారు. అందులో ఆమె చెప్పినదాని సారం ఇది. బడి అనే యంత్రంలో ప్రతి భాగమూ పక్క భాగం నుండి విడిపోయింది. బోర్డు సూపరింటెండెంటుకు దూరం, సూపరింటెండెంటు టీచరుకు దూరం, టీచరు పిల్లవానికి దూరం. ఆలోచన పైనా, ఆచరణ కిందా ఉన్నంతకాలం స్వేచ్ఛగా ఆలోచించే పౌరులను ఆ బడి తయారుచేయలేదు. తాను ఆలోచించే హక్కులేని టీచరు పిల్లలకు ఆలోచించడం ఎలా నేర్పుతుంది? ఇందుకు మందుగా ఆమె ఉపాధ్యాయ సభలను సూచించారు. ప్రతి బడిలోను టీచర్లు కూడి పాఠ్యక్రమం గురించి మాట్లాడుకోవాలి. అక్కడ పుట్టిన మాట పై సభకు చేరాలి. దానిని విని జవాబు చెప్పవలసిన బాధ్యత అధికారికి ఉండాలి.

1904లో డ్యూయీ విశ్వవిద్యాలయం విడిచి వెళ్ళగా ఆమె కూడా విడిచారు. 1905లో తాను ఒకప్పుడు చదువుకొన్న నార్మల్ స్కూలుకే ప్రిన్సిపాలుగా తిరిగివచ్చారు.

టీచర్ల గొంతు

ఈ మధ్యకాలంలో షికాగో టీచర్లు మేల్కొన్నారు. 1897లో ఉపాధ్యాయుల సమాఖ్య ఏర్పడింది. దానిలో ఎక్కువమంది ప్రాథమిక పాఠశాలల స్త్రీలే. మార్గరెట్ హేలీ, కేథరిన్ గాగిన్ దాని నాయకురాళ్ళు. జీతాలు పెంచడానికి డబ్బు లేదని బోర్డు చెప్పినప్పుడు వారు ఊరికే మొరపెట్టుకొని కూర్చోలేదు. నగరంలోని పెద్ద కంపెనీలు కట్టవలసిన పన్ను కట్టడంలేదని లెక్కలు తీసి 1900లో కోర్టుకెక్కారు, గెలిచారు. అలా వచ్చిన డబ్బును బోర్డు బొగ్గుకూ మరమ్మతులకూ మళ్ళించగా మళ్ళీ కోర్టుకు వెళ్ళారు. 1904లో న్యాయమూర్తి ఎడ్వర్డ్ డన్ టీచర్ల పక్షాన తీర్పు చెప్పారు. గోడకా జీతానికా అన్న మన కమిటీ ప్రశ్నే అక్కడ న్యాయస్థానం దాకా వెళ్ళిందన్నమాట.

అప్పటి సూపరింటెండెంటు ఎడ్విన్ కూలీ టీచర్లకు రహస్యంగా మార్కులు వేసే పద్ధతి పెట్టారు. ఆ మార్కులపై జీతం పెరుగుదల ఆధారపడేది. తనకు ఎన్ని మార్కులు వచ్చాయో, ఎందుకు తగ్గాయో టీచరుకు తెలిసేది కాదు. 1909లో కూలీ వైదొలిగే నాటికి బోర్డుకు, టీచర్లకు మధ్య మాటలు లేని స్థితి వచ్చింది. ఇరుపక్షాలకూ నమ్మదగిన మనిషి కోసం వెతికి వెతికి ఆ జూలైలో బోర్డు 64 ఏళ్ళ శ్రీమతి యంగ్‌ను ఎన్నుకొంది.

కుర్చీ ఎక్కిన తరువాత

పై అధికారి కింద నలిగినవారు తాము పై అధికారులైనప్పుడు ఏమి చేస్తారో మనకు తెలుసు. తాము పడినదానిని కిందివారిచేత పడనిస్తారు. శ్రీమతి యంగ్ ఆ దారి తొక్కలేదు. రహస్య మార్కుల పద్ధతి ఆమె పాలనలో పోయింది. పాఠ్యక్రమాన్ని సవరించేటప్పుడు టీచర్ల అభిప్రాయాలు అడిగారు. ఉపాధ్యాయ సభలను నెలకొల్పారు. చేతిపనులు, వృత్తివిద్య, ఇంటిపని పాఠాలు పెంచారు. ఏ బడికి వెళ్ళినా తరగతి గదిలో కూర్చుని పాఠం వినడం మానలేదు.

1910లో దేశంలోని ఉపాధ్యాయుల అతి పెద్ద సంఘమైన జాతీయ విద్యాసంఘానికి ఆమె అధ్యక్షురాలయ్యారు. ఆ పదవిలోకి వచ్చిన మొదటి స్త్రీ కూడా ఆమెయే. ఆ ఎన్నికలో నామినేషన్ల సంఘం మరొకరి పేరు ప్రతిపాదించింది. సభలోని టీచర్లు లేచి శ్రీమతి యంగ్ పేరు చెప్పి ఓటు వేసి గెలిపించారు.

ఆమె చేసిన పనులన్నీ నెగ్గలేదు. 1913లో హైస్కూలు పిల్లలకు దేహ పవిత్రత గురించి వైద్యుల చేత ఉపన్యాసాలు చెప్పించారు. యౌవనంలోని పిల్లలు వీధిలో తప్పుగా తెలుసుకొనేకంటే బడిలో గౌరవంగా తెలుసుకోవడం మేలని ఆమె తలచారు. తల్లిదండ్రులలో కొందరూ, కొన్ని చర్చిల పెద్దలూ తీవ్రంగా ఆక్షేపించారు. ఆ పాఠాలు నిలిచిపోయాయి. ఆమెను వద్దనుకొనేవారికి ఇది ఒక ఆయుధమైంది.

1913 డిసెంబరు

మేయరు కార్టర్ హారిసన్ నియమించిన కొత్త సభ్యులు బోర్డులోకి వచ్చిన కొద్దీ పొత్తు చెడింది. పాఠ్యపుస్తకాల ఎంపికలోను, ఖర్చుల విషయంలోను వారు ఆమె మాటను దాటి నడిచారు. బోధనకు సంబంధించిన నిర్ణయం తనదని ఆమె, డబ్బు తమ చేతిదని వారు. 1913 జూలైలో ఆమె రాజీనామా పంపారు. ఊరంతా అలజడి చెలరేగింది. బోర్డు రాజీనామాను అంగీకరించలేదు, ఆమె దానిని వెనుకకు తీసుకొన్నారు. మాటిమాటికీ రాజీనామా చూపి బెదిరిస్తున్నారని విమర్శించినవారు లేకపోలేదు. మా దృష్టిలోనూ ఆ విమర్శ పూర్తిగా తోసివేయదగినది కాదు. రాజీనామా ఒకసారి వాడవలసిన ఆయుధం. ఇచ్చి తీసుకొంటే దాని పదును తగ్గుతుంది.

డిసెంబరులో ఏటా జరిగే ఎన్నిక వచ్చింది. రహస్య ఓటు పెట్టారు. అంతవరకు ఆమె పక్షాన ఉన్నామని చెప్పిన కొందరు చీటీపై వేరుగా రాశారు. కావలసిన మెజారిటీ ఆమెకు రాలేదు. ఆమె తన పేరు ఉపసంహరించుకొని బయటకు నడిచారు. ఆమె కింద సహాయకులుగా ఉన్న జాన్ షూప్‌ను బోర్డు ఆ పదవికి ఎన్నుకొంది.

బోర్డు ఒక సంగతి మరచింది. ఆ ఏడు జూన్‌లోనే ఇల్లినాయ్ రాష్ట్రంలో స్త్రీలకు నగరపాలక ఎన్నికలలోను, దేశాధ్యక్ష ఎన్నికలోను ఓటు హక్కు లభించింది. ఆ చట్టంపై సంతకం చేసిన గవర్నరు, ఒకప్పుడు టీచర్ల పక్షాన తీర్పు చెప్పిన ఎడ్వర్డ్ డన్ గారే. స్త్రీల సంఘాలు, తల్లులు, టీచర్లు కదలివచ్చారు. పెద్ద బహిరంగసభలు జరిగాయి. నిరుపేద వలసకుటుంబాల మధ్య జీవించి సేవచేసిన జేన్ ఆడమ్స్ ఆమె పక్షాన నిలిచారు. మేయరు హారిసన్‌కు రాబోయే ఎన్నికలు కళ్ళముందు కనిపించాయి. బోర్డు సభ్యులను నియమించేటప్పుడే తేదీ వేయని రాజీనామా పత్రాలపై వారి సంతకాలు తీసుకొనే అలవాటు ఆయనకు ఉంది. ఆ పత్రాలను బయటకు తీసి కొందరిని తొలగించి వేరేవారిని నియమించారు. ఆ నెల ముగియకముందే బోర్డు మళ్ళీ కూడి శ్రీమతి యంగ్‌ను సూపరింటెండెంటుగా నిలబెట్టింది.

ఆమె అభిమానులకు ఇది పండుగే. కాని చదువరులు ఒక్క క్షణం ఆగి ఆలోచించాలి. తేదీలేని రాజీనామాలు జేబులో పెట్టుకొన్న మేయరు ఈసారి మంచిపనికి వాటిని వాడాడు. మరొకనాడు మరొక పనికి వాడడని ఎవరు చెప్పగలరు? చట్టం ఇవ్వని రక్షణను ప్రజల కోపం ఇచ్చింది. ప్రజల కోపం ఎల్లకాలం నిలవదు. శ్రీమతి యంగ్‌కు రెండేళ్ళలోనే ఇది అనుభవానికి వచ్చింది.

చివరి ఘట్టం

1915 ఏప్రిల్‌లో విలియం థాంప్సన్ మేయరు అయ్యారు. బోర్డులో జేకబ్ లోబ్ అనే సభ్యుని మాట చెల్లుబాటయింది. ఆ సెప్టెంబరు 1న బోర్డు ఒక నిబంధన చేసింది. కార్మిక సంఘాలతో సంబంధమున్న ఏ సమాఖ్యలోను టీచర్లు సభ్యులుగా ఉండరాదన్నది దాని సారాంశం. 1902 నుండి కార్మికుల సమాఖ్యతో కలిసి నడుస్తున్న షికాగో టీచర్ల సమాఖ్యే దాని గురి. శ్రీమతి యంగ్‌కు సంఘాలపై మొదటినుండి ప్రత్యేకమైన మోజు లేదు. అయినా ఏ సంఘంలో చేరాలో టీచరు తానే నిర్ణయించుకోవాలి గాని, యజమాని నిర్ణయించరాదన్న పక్షాన ఆమె నిలబడ్డారు. 70 ఏళ్ళు నిండాయి. ఓపిక తగ్గింది. 1915 డిసెంబరులో ఆమె పదవీ విరమణ చేసి కాలిఫోర్నియాకు వెళ్ళారు. 53 ఏళ్ళ క్రితం మొదలైన సేవ ముగిసింది.

1916 జూన్‌లో బోర్డు 68 మంది టీచర్లను తిరిగి నియమించలేదు. వారిలో సమాఖ్య నాయకురాళ్ళు ఉన్నారు. పని బాగాలేదని వారిని తీసివేయలేదు. నాటి చట్టంలో కారణం చెప్పవలసిన అవసరమే లేదు. ఈ అన్యాయం చూసి 1917లో రాష్ట్ర శాసనసభ ఓటిస్ చట్టం చేసింది. కొంతకాలం సేవచేసిన టీచరును కారణం చూపకుండా తొలగించకూడదని అందులో ఉంది. సూపరింటెండెంటు పదవీకాలాన్ని, అధికారాలను కూడా ఆ చట్టం పేర్కొంది. ఏ హద్దు లేనందువలన శ్రీమతి యంగ్ ఇన్ని ఇక్కట్లు పడ్డారో, ఆ హద్దును ఆమె వెళ్ళిపోయిన రెండేళ్ళకు కాగితంపై పెట్టారు.

విశ్రాంతి తీసుకోవడం ఆమెకు చేతకాలేదు. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో ప్రభుత్వం ప్రజలనుండి అప్పు సేకరించే ఉద్యమంలో స్త్రీల సంఘంలో చేరి ఊరూరా తిరిగి మాట్లాడారు. అది ఇన్‌ఫ్లూయెంజా లోకాన్ని చుట్టుముట్టిన సంవత్సరం. మన దేశంలోనూ ఆ జ్వరం కోటిమందికి పైగా ప్రాణాలు తీసింది. ప్రయాణాలలో శ్రీమతి యంగ్‌కు ఆ జబ్బు సోకింది. 1918 అక్టోబరు 26న వాషింగ్టన్‌లో 73 ఏళ్ళ వయసులో ఆమె కన్నుమూశారు.

మనకు మిగిలినది

ఆమె తరువాత జరిగిన ఒక సంగతి చెప్పి ముగిస్తాము. 1924లో విలియం మెకాండ్రూ షికాగో సూపరింటెండెంటుగా వచ్చారు. సమర్థుడే. కాని ఉపాధ్యాయ సభలు పనిచెడగొడతాయని తలచి బడివేళల్లో అవి కూడకుండా చేశారు. 1927లో మేయరు థాంప్సన్ వర్గం బోర్డులో బలపడి, ఆయనపై నిలవని నేరాలు మోపి పని నుండి తప్పించింది. ఆంగ్లేయుల పక్షపాతి అన్నది వాటిలో ఒకటి. తగవు అదే, బోర్డు అదే, నగరం అదే. అయితే 1913లో శ్రీమతి యంగ్ కోసం ఊరంతా కదలివచ్చింది. మెకాండ్రూ కోసం టీచర్ల సమాఖ్య కదలలేదు. తమ మాట విననివానికి మాట సాయం చేయడానికి ఎవరికి మనసు వస్తుంది?

షికాగోలో ఒక బడికి శ్రీమతి యంగ్ పేరు పెట్టారు. మనకు ఆ పేరు గుర్తుండకపోయినా నష్టం లేదు. మన పాఠశాలల్లో హెడ్మాస్టరుగారికీ కమిటీకీ తగవు వచ్చినప్పుడు ఆమె అడిగిన రెండు ప్రశ్నలు అడిగితే చాలు. ఎవరి పని ఎంతవరకో ముందుగా కాగితంపై రాసుకొన్నామా? పాఠం చెప్పేవారిని పిలిచి వారి మాట విన్నామా? తగవు మనుషుల మధ్య వచ్చినట్లు కనిపిస్తుంది. చాలాసార్లు అది రాసుకోని హద్దు వలన, అడగని మాట వలన వస్తుంది.

మా ఎరుకలో ఒక బడి ఉంది. ఆ ఊరి పేరు చెప్పము. అక్కడ ఒక హెడ్మాస్టరుగారిని కమిటీ ఒక్క రాత్రిలో తొలగించింది. ఆయన తప్పు ఏమిటో ఆయనకు చెప్పలేదు. పిల్లలు మరునాడు ఉదయం ప్రార్థనకు వరుసలో నిలబడి ఆయన కోసం చూశారు. ఆ కమిటీలోని వారు చెడ్డవారు కారు, మా వారే. ఆ రాత్రి మీటింగులో ఒక్క టీచరయినా కూర్చుని ఉంటే ఆ నిర్ణయం అలా జరిగేది కాదని మా నమ్మకం. వందేళ్ళు నిండిన మన సంఘాల బడులు మరో వందేళ్ళు నడవాలని కోరుకొనేవారంతా వచ్చే మీటింగుకు ముందు ఒక పని చేయాలి. బల్ల చుట్టూ ఎన్ని కుర్చీలు వేశారో లెక్కపెట్టి, టీచరు కోసం మరొకటి తెప్పించాలి.